పెన్సిల్ బాక్సు ఎందుకు ఎగిరింది: బడి వయసులో ఆటిజం పిల్లలకు బిహేవియర్ థెరపీ

రెండో తరగతి, మూడో పీరియడ్, డిక్టేషన్. రెండో మాట చెప్పేసరికి పెన్సిల్ బాక్సు గాల్లోకి లేచి ముందు బెంచీ పాప వీపుకు తగిలింది. టీచరు పిల్లాణ్ణి వరండాలో నిలబెట్టారు. మర్నాడూ అదే జరిగింది. నెల తిరిగేసరికి డిక్టేషన్‌కే కాదు, చేత్తో రాసే పని ఏది ఇచ్చినా బాక్సు ఎగురుతోంది. "ఎన్నిసార్లు బయట నిలబెట్టినా చీమ కుట్టినట్టయినా లేదండీ వీడికి" అన్నారు ఆవిడ, సాయంత్రం గేటు దగ్గర పదిమంది తల్లుల ముందు. ఆ పిల్లాడు మావాడు. ఊరు గుంటూరు. ఆరేళ్ళ కిందటి మాట. ఇప్పుడు వాడికి పదమూడు.

తను వేసింది శిక్షేనని ఆవిడ అనుకున్నారు, మేమూ అలాగే అనుకున్నాం. వాడి లెక్కలో అది సెలవు. వేళ్ళలో పట్టు లేని పిల్లాడు, వింటూనే రాయాలి, పైన ఫ్యాను కిర్రుమంటోంది, చుట్టూ నలభైమంది. వరండాలో ఇవేవీ లేవు. చల్లగా ఉంది. బాక్సు విసిరితే రాత ఆగుతుందని వాడికి పాఠం చెప్పింది మనమే, అదీ ఒక్కరోజు తప్పకుండా.

బిహేవియర్ థెరపీ అనగానే అల్లరి మాన్పించే చోటని మనవాళ్ళు అనుకుంటారు. సెంటర్ల బోర్డుల మీద కూడా "మొండితనం, హైపర్, మాట వినకపోవడం" అని వరసగా రాసి ఉంటుంది. అసలు సంగతి వేరు. పిల్లాడు ఒక పని చేసేముందు ఏం జరిగింది, చేశాక వాడికేం దొరికింది, ఈ రెండూ చూస్తారు. ముందున్నదాన్ని కొంత మారుస్తారు, తర్వాత దొరికేదాన్ని కొంత మారుస్తారు, నడుమ అదే అవసరం తీర్చే ఇంకో దారి నేర్పుతారు. ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్) అని మీరు వినే పద్ధతికి మూలం ఇదే. మిగిలిన హంగులన్నీ దీని చుట్టూ కట్టుకున్నవే.

ఇంట్లోనూ వాడు వస్తువులు విసిరేవాడు. కానీ ఇంట్లో రాత పని లేదు. నేను మా అమ్మతో ఫోన్లో ఉన్నప్పుడే గిన్నో, రిమోటో నేలకేసి కొట్టేవాడు. నేను ఫోన్ పెట్టేసి పరిగెత్తుకొచ్చి తిట్టేదాన్ని. తిట్టయినా సరే, అమ్మ వచ్చింది కదా! బళ్ళో విసిరింది పని తప్పించుకోవడానికి, ఇంట్లో విసిరింది నా దృష్టి కోసం. చెయ్యి అదే, విసురు అదే, కారణం వేరు. అందుకే "విసిరితే ఏం చెయ్యాలండీ?" అనే ప్రశ్నకు జవాబుండదు. ఇంట్లో పట్టించుకోకుండా ఉండాలన్న సలహా పనికొస్తుంది, బళ్ళో అదే సలహా బెడిసికొడుతుంది. మామూలుగా వెతికే కారణాలు నాలుగు: తప్పించుకోవడం, మన దృష్టి, కావలసిన వస్తువు, ఒంటికి దొరికే హాయి. చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం లాంటివాటిలో ఎక్కువ భాగం ఈ నాలుగోదే. వాటివల్ల ఎవరికీ దెబ్బ తగలనప్పుడు వదిలెయ్యాలని నా అభిప్రాయం. మనం కాళ్ళూపుకుంటూ కూర్చోవడం లేదా?

కారణం ఎలా తెలుస్తుంది? థెరపిస్టు మమ్మల్ని మొదట కొనమన్నది రూళ్ళ నోట్‌బుక్కు. మూడు గడులు: ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. పక్కన టైము. ఇందులో ఒక షరతుంది, "మొండికేశాడు" అని రాయకూడదు. "నేల మీద పడుకుని కాళ్ళు కొట్టాడు, నాలుగు నిమిషాలు" అని రాయాలి. రెండు వారాలు రాసేసరికి మాకే సిగ్గేసింది. పదిహేడు గొడవల్లో తొమ్మిది, టీవీ ఆపేస్తున్నామని ముందు చెప్పకుండా మేం ఆపేసినప్పుడు జరిగినవి.

కారణం తెలిశాక ఏం చెయ్యాలన్నదానికి దారి చూపింది 1985లో అమెరికాలో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే ఇద్దరు రాసిన పరిశోధన. గొడవ చేసే పిల్లలకు ఆ గొడవతో ఏం సాధిస్తున్నారో దాన్నే మాటతో అడగడం నేర్పితే గొడవ తగ్గుతుందని చూపించారు. పని కష్టంగా ఉండి గొడవ చేసేవాడికి "సాయం చెయ్యండి" అనడం నేర్పాలి. మావాడికి అప్పట్లో మాటలు ఇరవైకి మించి లేవు. అందుకని పసుపు రంగు అట్టముక్క మీద రెండు చేతులు ముడుచుకున్న బొమ్మ గీసి, డెస్కు మూలన అతికించారు. అది తీసి ఇస్తే రెండు నిమిషాలు రాత ఆపొచ్చు. మొదటి రోజు డిక్టేషన్‌లో ఏడుసార్లు ఇచ్చాడు. టీచరుకు ఒళ్ళు మండింది. "ఇదేదో వాడికి లైసెన్సు ఇచ్చినట్టుంది" అన్నారు. నిజమే, మొదట్లో అడిగిన ప్రతిసారీ ఇవ్వాలి. అట్టముక్క పనిచేస్తుందని నమ్మకం కుదిరితేనే బాక్సు కింద పెడతాడు. నమ్మకం కుదిరాక "ఇంకొక్క మాట రాసి తీసుకో", ఆ తర్వాత "రెండు రాసి". అరగంట పీరియడ్‌కు రెండుసార్లు అడిగే దాకా రావడానికి పదకొండు వారాలు పట్టింది. ఈలోగా లావుపాటి పెన్సిల్ ఇచ్చారు, పది మాటలకు బదులు నాలుగే చెప్పారు. ఇది కూడా థెరపీయే. పిల్లాణ్ణి మాత్రమే మార్చి, పనిని మార్చనంటే కుదరదు.

మొక్కై వంగనిది

బంధువుల్లో ఎవరో ఒకరు ఈ సామెత అనకుండా ఉండరు. మూడేళ్ళకే మొదలుపెట్టాల్సింది, ఏడేళ్ళొచ్చాక ఇంకేం వంగుతాడు అని. తొందరగా మొదలుపెడితే మంచిదే, అందులో తగువు లేదు. కానీ ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే కొంత ఊపిరాడుతుంది. 1987లో కాలిఫోర్నియాలో ఐవార్ లోవాస్ ఒక అధ్యయనం ప్రచురించాడు. నాలుగేళ్ళు నిండని 19 మంది పిల్లలకు వారానికి 40 గంటల చొప్పున, రెండేళ్ళు, ఆపైన కూడా థెరపీ ఇచ్చారు. తొమ్మిది మంది మామూలు బళ్ళో ఒకటో తరగతి పూర్తిచేశారు. అప్పటి నుంచి 40 గంటలన్న అంకె తల్లిదండ్రుల గుండెల మీద కూర్చుంది. పిల్లల్ని ఎక్కువ థెరపీ గుంపు, తక్కువ థెరపీ గుంపు అని చీటీ తీసి పంచలేదని, గట్టిగా "నో" అని అరవడం, తొడ మీద చరచడం కూడా ఆ పద్ధతిలో ఉన్నాయని చెప్పేవాళ్ళు తక్కువ.

ఆ అంకెను ఏడేళ్ళ పిల్లాడికి తగిలిస్తే లెక్క ఎక్కడా కుదరదు. బస్సెక్కడం దగ్గర్నుంచి దిగేదాకా బడికే రోజుకు ఎనిమిది గంటలు పోతాయి. వయసు వేరైనప్పుడు లక్ష్యమూ వేరవుతుంది. మూడేళ్ళప్పుడు ఆటా, మాటా పునాది వెయ్యడం పని. ఏడేళ్ళప్పుడు ఈ రోజు గడవడం పని: క్యారేజీ మూత తానే తీసుకోవడం, బాత్రూంకి వెళ్ళాలని చెప్పగలగడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, బస్సు ఆలస్యమైతే తల నేలకేసి కొట్టుకోకుండా ఉండడం. ఇవి నేర్చుకునే వయసు దాటిపోదు.

బడి వయసుకు దగ్గరగా నాకు నచ్చిన అధ్యయనం 2015లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలు 180 మంది. సగంమంది తల్లిదండ్రులకు గొడవల్ని ఎలా చూడాలో, ఎలా తగ్గించాలో 24 వారాలు నేర్పారు. మిగతా సగానికి ఆటిజం గురించి సమాచారం మాత్రం చెప్పారు. నేర్పినవాళ్ళ పిల్లల్లో చిరాకు, గొడవల స్కోరు 47.7 శాతం తగ్గింది, సమాచారం విన్నవాళ్ళ పిల్లల్లో 31.8 శాతం. రెండో అంకె కూడా చిన్నదేం కాదు, గమనించండి. థెరపిస్టు పిల్లాడితో కూర్చోవడం గురించి కాదు ఇది, మనతో కూర్చోవడం గురించి. మన దగ్గర కూడా జరిగింది: 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన ప్రయోగంలో గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో పెద్ద డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి తల్లిదండ్రుల దగ్గరికి పంపారు. తల్లి, పిల్లాడి నడుమ ఇచ్చిపుచ్చుకోవడం మెరుగుపడింది.

అందుకే, గది తలుపు వేసేసి "మీరు బయట కూర్చోండమ్మా, మీరుంటే చెయ్యడు" అనే సెంటరు గురించి నాకు అనుమానమే. ఒకటి రెండు రోజులైతే సరే. నెలలతరబడి బయటే కూర్చోబెడితే, నలభై అయిదు నిమిషాల సెషన్‌కి డబ్బు కట్టి మిగతా ఇరవై మూడు గంటలు గాలికొదిలేసినట్టే.

మొదలుపెట్టే ముందు

విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట. ఆస్పత్రి పేటలు కాబట్టి అందరం ముందు అక్కడికే వెళ్తాం. పిల్లల డాక్టరో, సైకియాట్రిస్టో, క్లినికల్ సైకాలజిస్టో చూసి ఆటిజం అవునో కాదో చెప్పాలి. మన దేశానికని తయారుచేసిన కొలమానం ఐసా. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు. 70 గానీ ఆపైన గానీ వస్తే ఆటిజం, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. వైకల్య సర్టిఫికెట్‌కి ఇది కావాలి. కానీ థెరపీకి ఈ అంకె పెద్దగా ఉపయోగపడదు. 112 వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకడికి మాటలుండవు, ఇంకొకడు రోజంతా ఫ్యాన్ కంపెనీల గురించే మాట్లాడతాడు.

దీనికంటే ముందు ఒళ్ళు చూపించాలి. నిన్నటిదాకా లేని గొడవ హఠాత్తుగా మొదలైతే పంటి నొప్పా, చెవిపోటా, మలబద్ధకమా, నిద్ర లేకపోవడమా అని వెతకండి. చెప్పలేని పిల్లాడికి తల కొట్టుకోవడమే భాష కావచ్చు. ఆటిజం ఉన్నవాళ్ళలో ఫిట్స్ కూడా మామూలుకంటే ఎక్కువ. వినికిడి పరీక్ష ఎప్పుడూ చెయ్యకపోతే అది కూడా. మందుల మాటకొస్తే, ఆటిజాన్ని తగ్గించే మందు లేదు. తీవ్రమైన చిరాకుకు, తనను తాను గాయపరచుకోవడానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి డాక్టరు రాయొచ్చు. బరువు పెరుగుతారు, నిఘా ఉండాలి. స్టెమ్ సెల్స్ అని లక్షలు అడిగేవాళ్ళ బోర్డులు మీకూ కనబడే ఉంటాయి. ఆటిజానికి దాన్ని చికిత్సగా సిఫారసు చెయ్యకూడదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అక్కడితో ఆ మాట వదిలేద్దాం.

సెంటరు ఎంచుకునేటప్పుడు ఏసీ, రంగురంగుల బంతుల గది చూసి మోసపోయినవాళ్ళలో మేమూ ఉన్నాం. మొదట చేరిన చోట మూడు నెలలు "సిట్టింగ్ రావాలండీ" అన్నారు. అంటే కుర్చీలో కదలకుండా కూర్చోవడం. దేనికి కూర్చోవాలో వాళ్ళకూ తెలియదు, వాడికి అసలే తెలియదు. గడ్డం పట్టుకుని మొహం తిప్పి "నా కళ్ళలోకి చూడు" అనేవారు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళలో చాలామంది ఇప్పుడు బయటికొచ్చి చెబుతున్నది ఇదే: చిన్నప్పుడు బలవంతంగా కళ్ళలోకి చూడమనడం, చేతులు ఆడించకుండా పట్టుకోవడం తమకు హింసలా ఉండేదని. ఏబీఏ మీద వాళ్ళ కోపం ఉత్తది కాదు. చెప్పినట్టల్లా చేసే పిల్లాణ్ణి తయారుచెయ్యడమే లక్ష్యం పెట్టుకుంటే, రేపు ఎవరైనా చెడ్డవాడు చెప్పినా చేస్తాడు. నేర్పే మొదటి పది మాటల్లో "వద్దు", "చాలు" ఉన్నాయా అని అడగండి. ఉంటే ఆ సెంటర్లో కూర్చోవచ్చు.

సర్టిఫికెట్ల గొడవ కూడా కాస్త ఉంది. స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టంతో ఏర్పడిన ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) దగ్గర నమోదై ఉండాలి. నంబరు అడిగితే తప్పేం లేదు. ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) వాళ్ళు దాని కిందకు రారు, వాళ్ళ డిగ్రీ అడగాలి. బిహేవియర్ అనలిస్టుల ధ్రువపత్రం ఇచ్చే అమెరికా బోర్డు 2023 నుంచి మన దేశం దరఖాస్తులు తీసుకోవడం మానేసింది. కాబట్టి ఇప్పుడు రకరకాల కొత్త అక్షరాలు కనిపిస్తాయి. నలభై గంటల కోర్సు చేసినవాళ్ళు సెషన్ చెయ్యొచ్చు గానీ, పైన చూసే మనిషి ఎవరో, నెలకెన్నిసార్లు వచ్చి చూస్తారో తెలియాలి. లక్ష్యం కాగితం మీద ఉండాలి. "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేస్తాం" అన్నది లక్ష్యం కాదు. "దాహం వేస్తే పక్కనున్నవాళ్ళని నీళ్ళు అడుగుతాడు, బళ్ళోనూ ఇంట్లోనూ, అయిదుసార్లకు నాలుగుసార్లు" అంటే లక్ష్యం.

ఆ "ఇంట్లోనూ" అన్న మాట దగ్గర మన ఊళ్ళకే ప్రత్యేకమైన చిక్కొకటుంది. సెంటర్లో "గివ్ మీ వాటర్" నేర్పారు. ఇంట్లో మా అత్తగారి దగ్గరికెళ్ళి అదే అన్నాడు. ఆవిడకు అర్థంకాక ముద్దుపెట్టి పంపేసింది. నీళ్ళు రాలేదు, మాట పోయింది. రెండు భాషలుంటే ఆటిజం పిల్లలు తికమకపడతారని, ఇంగ్లీషే మాట్లాడమని కొందరు చెబుతారు. పరిశోధనలు ఆ మాటను సమర్థించడం లేదు. మేం "నీళ్ళు" దగ్గరికి తిరిగొచ్చాం. వారంలో నాయనమ్మను, తాతను, పాలబ్బాయిని కూడా అడిగేశాడు.

నాయనమ్మ, జంతిక ముక్క, మూడో రోజు

మంచి పనికి వెంటనే ఇష్టమైనది ఇవ్వడాన్ని మా ఇంట్లో లంచమన్నారు. తేడా ఉంది. గొడవ మొదలయ్యాక నోరు మూయించడానికి ఇచ్చేది లంచం. ముందే ఒప్పుకుని, పని అయ్యాక ఇచ్చేది కూలి. కూలి లేకుండా మనమూ ఆఫీసుకు వెళ్ళం. అయితే ఆ కూలి ఏమిటన్నది పిల్లాడు చెప్పాలి, మనం కాదు. చాక్లెట్లు వాడికి పట్టవు. జంతిక ముక్కకు కాసేపు పనిచేశాడు. అసలైనది తర్వాత దొరికింది: అప్పటి శంకర్‌విలాస్ వంతెన మీద నిలబడి కింద వెళ్ళే రైళ్ళు చూడటం. ఒక్క గూడ్సు బండి కోసం చొక్కా గుండీలన్నీ పెట్టుకునేవాడు. గుండీలు నేర్పిందీ తలకిందులుగా: మొదట నేను అన్నీ పెట్టి చివరిది వాడికి వదిలేదాన్ని. చివరిది వచ్చాక చివరి రెండు. పని పూర్తిచేశానన్న సంబరం రోజూ వాడికే దక్కాలి.

ఎవరూ ముందు చెప్పక మేం బోల్తాపడింది ఇంకోటుంది. అన్నం తింటున్నప్పుడు ఫోన్ ఇవ్వడం ఆపేశాం. మొదటి రోజు ఏడ్చాడు, రెండో రోజు ఎక్కువ ఏడ్చాడు, మూడో రోజు కంచం గోడకు కొట్టాడు. ఇన్నాళ్ళూ పనిచేసిన పద్ధతి పనిచెయ్యకపోతే ఎవరైనా ముందు గట్టిగా ప్రయత్నిస్తారు. లిఫ్టు రాకపోతే మనం బటన్ పదిసార్లు నొక్కమూ? అదే ఇది. ఆ మూడో రోజు మా అత్తగారు మనసాగక ఫోన్ చేతిలో పెట్టేసింది. ఇప్పుడు వాడు నేర్చుకున్నదేమిటి? ఏడుపు చాలదు, కంచం విసరాలని. అప్పుడప్పుడూ మాత్రమే ఫలించేది ఎప్పుడూ ఫలించేదానికంటే గట్టిగా నాటుకుంటుంది. ఇంట్లో నలుగురూ ఒక్కమాట మీద నిలబడలేని వారం, అంటే పెళ్ళో, చవితో, ఊరి ప్రయాణమో ఉన్నప్పుడు, ఇలాంటిది మొదలే పెట్టకూడదు. ఊరికే ఆపడం కూడా కాదు. ఫోన్ ఎప్పుడొస్తుందో బొమ్మల వరసలో చూపించాలి: కంచం బొమ్మ, చెయ్యి కడుక్కునే బొమ్మ, ఆ తర్వాత ఫోన్ బొమ్మ. మా అత్తగారిని తప్పుపట్టడం నాకిష్టం లేదు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే. తర్వాత బొమ్మల వరస గోడకు అంటించింది ఆవిడే.

మాటలు బాగా వచ్చిన పిల్లల సంగతి వేరు. విజయవాడలో నాకు తెలిసిన తొమ్మిదేళ్ళ పాప ఉంది. జంక్షన్‌లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెబుతుంది. తరగతిలో తన చోటు మారిస్తే కడుపునొప్పి అంటుంది. ఈ పాపకు కార్డులు, జంతికలు కాదు కావలసింది. భయాన్ని పేరుపెట్టి గుర్తించడం, దాన్ని ఒకటి నుంచి అయిదు మెట్ల మీద చూపించడం, కింది మెట్టు నుంచి కొద్దికొద్దిగా ఎదుర్కోవడం. దీన్ని సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అంటారు, ఆటిజం పిల్లల కోసం బొమ్మలతో, పట్టికలతో మార్చి చేస్తారు. ఆడపిల్లల్లో గుర్తింపే ఆలస్యమవుతుంది, బుద్ధిమంతురాలు, సిగ్గరి అని సరిపెట్టేస్తాం కాబట్టి.

బడితో, కాగితాలతో

బడి వదిలాక ఆరింటికి సెషన్ పెడితే అలసిపోయిన పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? మేం వారానికి రెండు రోజులు చివరి పీరియడ్ మాన్పించాం. ప్రిన్సిపల్‌తో చాలా మాటలయ్యాయి. అప్పుడే 2016 వికలాంగుల హక్కుల చట్టం చదివాను. ఆటిజం అందులోని 21 వైకల్యాల్లో ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ఏదైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలని 16వ సెక్షన్ చెబుతుంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు 31వ సెక్షన్‌లో ఉంది. పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టమే నిషేధించింది. "మీరే ఇంకో బడి చూసుకోండి" అని మెల్లగా టీసీ చేతిలో పెట్టబోయినప్పుడు ఈ సెక్షన్ల నంబర్లు గుర్తుంటే మన గొంతు వణకదు. అయినా గొంతు పెంచడం చివరి మార్గం. టీచరుకు ఒక్క పేజీ రాసివ్వడం మొదటిది: వీడికి ఏం ఇష్టం, ఏది భరించలేడు, గొడవ రాబోయేముందు ఎలా ఉంటాడు, పసుపు కార్డు ఇస్తే ఏం చెయ్యాలి. నలభైమందిని చూసే మనిషికి ఇరవై పేజీల రిపోర్టు ఇచ్చి లాభం లేదు.

డబ్బు కట్టలేనివాళ్ళకు మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక పిల్లల కోసం శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక్కసారి వెళ్ళొస్తే, ఇంట్లో చెయ్యాల్సినవి రాసుకుని రావచ్చు. సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం కోసం స్లాటు తొందరగా పెట్టుకోండి. ఆ కాగితం తీసుకుంటే పిల్లాడి మీద ముద్ర పడుతుందని మా ఆయన ఏడాదిన్నర ఆపారు. ఆ ఏడాదిన్నరలో ముద్ర పడటం ఏమీ ఆగలేదు, కాగితం మాత్రం లేకుండా పోయింది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, దానికీ వైకల్య ధ్రువపత్రం కావాలి.

ఎన్నాళ్ళు చెయ్యాలి అని అడుగుతారు. ఒక లక్ష్యానికి మూడు నెలలు చూడండి. నోట్‌బుక్కులో అంకె కదలకపోతే పిల్లాడి తప్పు కాదు, పద్ధతి మార్చమనాలి. మార్చనంటే సెంటరు మార్చాలి. మావాడికి ఇప్పుడు సెషన్లు నెలకు రెండే. డిక్టేషన్‌లు లేవు, ట్యాబ్ మీద టైపు చేస్తాడు. ఫ్యాను చప్పుడు ఇప్పటికీ పడదు. పోయిన వినాయక చవితికి వాళ్ళ మేనత్త తెనాలి నుంచి వచ్చి, ఎప్పట్లాగే బుగ్గలు పట్టుకుని లాగుతుంటే, రెండు చేతులతో ఆమె చేతులు మెల్లగా తీసి పక్కన పెట్టి "అత్తా, చాలు" అన్నాడు. ఆవిడ కాస్త నొచ్చుకుంది. నేను వంటింట్లోకెళ్ళి టైము చూసి నోట్‌బుక్కులో రాసుకున్నాను.